హృదయ కండర అతివృద్ధి

హృదయ కండర అతివృద్ధి అనగా గుండెపై పనిభారం పెరిగినపుడు గుండె గోడలలోని కండరం మందంగా, బరువుగా మారడం. వైద్యులు దీనిని కార్డియాక్ హైపర్‌ట్రోఫీ అని వ్యవహరిస్తారు. వాడుకలో "గుండె పెద్దదయింది" అనే మాటతో దీనిని సూచించడం కద్దు. కాని గుండె గదులు విశాలం కావడం, గుండె గోడ మందం కావడం ఒకటి కావు. ఇవి విడివిడిగా గాని, కలిసి గాని సంభవించవచ్చు.

అధిక రక్తపోటు, కవాటాల వ్యాధులు, దీర్ఘకాల వ్యాయామం, గర్భధారణ వంటి అనేక కారణాల వలన గుండెపై భారం పెరుగుతుంది. ఆ భారాన్ని తట్టుకొనడానికి కండరం పెరగడం మొదట శరీరానికి మేలు చేసే సర్దుబాటే. భారం విరామం లేకుండా ఏళ్ళ తరబడి కొనసాగితే అదే సర్దుబాటు గుండె వైఫల్యానికి, లయ తప్పడానికి, హఠాన్మరణానికి దారి తీయవచ్చు. అందుచేత గోడ ఎంత మందంగా ఉన్నది అనే ప్రశ్నతో పాటు, అది ఎందువలన మందమైనది, ఆ భారాన్ని తొలగించడానికి వీలున్నదా అనే ప్రశ్నలు వైద్యంలో ముఖ్యమైనవి.

సాధారణ హృదయ కండరం

వయోజనుల గుండె బరువు సుమారు 250 నుండి 350 గ్రాములు ఉంటుంది. పురుషులలో కొంత ఎక్కువ, స్త్రీలలో కొంత తక్కువ. గుండెలో పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు ఉంటాయి. కుడి జఠరిక రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమ జఠరిక బృహద్ధమని ద్వారా శరీరమంతటికీ పంపుతుంది.

ఈ రెండు జఠరికలూ ఒక నిమిషంలో పంపే రక్తం దాదాపు సమానమే. విశ్రాంతి సమయంలో అది సుమారు 5 లీటర్లు. కాని అవి ఎదుర్కొనే పీడనాలు వేరు. ఎడమ జఠరిక సంకోచించినపుడు లోపలి పీడనం సుమారు 120 మి.మీ. పాదరసం వరకు చేరుతుంది. కుడి జఠరికలో అది 25 మి.మీ. ప్రాంతంలోనే ఉంటుంది. ఈ తేడా గోడల మందంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎడమ జఠరిక గోడ సాధారణంగా 6 నుండి 10 మి.మీ. మందం ఉండగా, కుడి జఠరిక గోడ 3 నుండి 5 మి.మీ. మాత్రమే ఉంటుంది.

పుట్టినపుడు ఈ తేడా ఉండదు. గర్భస్థ శిశువు ఊపిరితిత్తులు గాలితో నిండి ఉండవు కాబట్టి రెండు జఠరికలూ ఇంచుమించు సమానమైన పీడనంతో పనిచేస్తాయి, వాటి గోడలూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. శిశువు ఊపిరి పీల్చడం మొదలుపెట్టిన తరువాత ఊపిరితిత్తులలోని పీడనం తగ్గిపోతుంది. ఆ తరువాతి వారాలలో, నెలలలో ఎడమ జఠరిక కుడి జఠరికను మించి పెరుగుతుంది. భారాన్ని బట్టి తన ఆకృతిని మార్చుకొనడం గుండెకు పుట్టుకతో వచ్చిన గుణమని దీనిని బట్టి తెలుస్తుంది.

కణాల పెరుగుదల

హృదయ కండర కణాలు పుట్టిన కొద్దికాలానికే విభజన చెందే శక్తిని చాలవరకు కోల్పోతాయి. నవజాత శిశువులో సుమారు 20 గ్రాములున్న గుండె వయోజనులలో 300 గ్రాములకు చేరడానికి ముఖ్య కారణం ఉన్న కణాలే పెద్దవి కావడం. వ్యాధి వలన గాని, వ్యాయామం వలన గాని పెద్దవారిలో గుండె మందం కావడం కూడా ప్రధానంగా ఈ విధంగానే జరుగుతుంది.

పెద్దవారిలో కొత్త కణాలు అసలే పుట్టవా అనే ప్రశ్న చాలాకాలం వివాదాస్పదంగా ఉండేది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు 2009లో దీనికి ఒక సమాధానం చెప్పారు. 1955-63 మధ్య వాతావరణంలో జరిగిన అణుబాంబు పరీక్షల వలన గాలిలో కార్బన్-14 పరిమాణం బాగా పెరిగి, ఆ పరీక్షలు ఆగిన తరువాత క్రమంగా తగ్గింది. కణం పుట్టిన నాటి కార్బన్ ఆ కణం డి.ఎన్.ఎ.లో నిలిచి ఉంటుంది కాబట్టి, దానిని కొలిచి కణం వయస్సును అంచనా వేయవచ్చు. ఈ పద్ధతి ప్రకారం 25 సంవత్సరాల వయస్సులో ఏడాదికి సుమారు 1 శాతం కండర కణాలు, 75 సంవత్సరాల వయస్సులో 0.45 శాతం కణాలు మాత్రమే కొత్తగా ఏర్పడుతున్నాయి. అనగా మనిషి జీవితకాలంలో సగం కణాలైనా మారవు. కనుక భారం పెరిగినపుడు గుండె కొత్త కణాలపై ఆధారపడలేదు. ఉన్న కణాలనే పెంచుకొనవలసి వస్తుంది.

గోడ ప్రతిబలం - లాప్లాస్ సూత్రం

గోడ మందమైతే గుండెకు కలిగే లాభమేమిటో భౌతికశాస్త్రం ద్వారా సులభంగా తెలుసుకొనవచ్చు. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు పియేర్ సైమన్ లాప్లాస్ (1749-1827) పేరుతో ఉన్న సూత్రాన్ని గోళాకారపు గదికి అన్వయిస్తే ఇలా వస్తుంది:

గోడ ప్రతిబలం = (లోపలి పీడనం × వ్యాసార్ధం) ÷ (2 × గోడ మందం)

గోడ ప్రతిబలం అనగా గోడలోని ప్రతి చదరపు సెంటీమీటరు కండరంపై పడే లాగుడు. జఠరిక సరిగ్గా గోళం కాకపోయినా, స్థూలంగా ఈ సూత్రం దానికి వర్తిస్తుంది.

ఉదాహరణకు, ఒక వ్యక్తి ఎడమ జఠరికలో సంకోచ సమయపు పీడనం 120 నుండి 180 మి.మీ.కు పెరిగిందనుకొందాం. వ్యాసార్ధం, మందం మారకపోతే ప్రతి కండర పోగుపై పడే లాగుడు ఒకటిన్నర రెట్లవుతుంది. గోడ మందం 10 మి.మీ. నుండి 15 మి.మీ.కు పెరిగితే లాగుడు మళ్ళీ పూర్వస్థితికి వస్తుంది. బరువైన మూటను మోయడానికి మరి నలుగురు భుజం కలిపితే ఒక్కొక్కరిపై పడే బరువు తగ్గినట్లే ఇది కూడా.

గోడ ప్రతిబలం ఎక్కువైన కొలదీ కండరానికి కావలసిన ప్రాణవాయువు కూడా ఎక్కువవుతుంది. విశ్రాంతి సమయంలో కూడా గుండె తనకు చేరిన రక్తం నుండి దాదాపు 70 శాతం ప్రాణవాయువును తీసుకుంటుంది. ఇక ఎక్కువ కావాలంటే హృదయ ధమనులలో ప్రవాహం పెరగడం ఒక్కటే ముఖ్యమైన మార్గం. కనుక ప్రతిబలాన్ని తగ్గించుకొనడం గుండెకు అత్యవసరం.

రకాలు

గుండెపై పడే భారం రెండు విధాలుగా ఉంటుంది. భారాన్ని బట్టి అతివృద్ధి రూపం మారుతుంది. విలియం గ్రాస్‌మన్, ఆయన సహచరులు 1975లో మనుషులలో గోడ ప్రతిబలాన్ని కొలిచి ఈ సంబంధాన్ని వివరించారు.

ఏకకేంద్ర అతివృద్ధి: రక్తాన్ని నెట్టడానికి ఎక్కువ పీడనం అవసరమైనపుడు ఇది కలుగుతుంది. గోడ మందమవుతుంది, లోపలి గది పెరగదు, కొన్నిసార్లు చిన్నదవుతుంది. కణం లోపల సంకోచించే ప్రమాణాలైన సార్కోమియర్లు ఒకదాని ప్రక్కన ఒకటిగా చేరడం వలన కణం లావవుతుంది. అధిక రక్తపోటు, బృహద్ధమని కవాటం ఇరుకు కావడం దీనికి ముఖ్య కారణాలు. ఈ కవాటం వైశాల్యం సాధారణంగా 3 నుండి 4 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అది 1 చదరపు సెంటీమీటరు కంటే తక్కువైతే వ్యాధి తీవ్రమైనదిగా పరిగణిస్తారు.

ఉత్కేంద్ర అతివృద్ధి: ప్రతి స్పందనలోను ఎక్కువ రక్తాన్ని పంపవలసి వచ్చినపుడు ఇది కలుగుతుంది. సార్కోమియర్లు ఒకదాని చివర ఒకటిగా చేరడం వలన కణం పొడవవుతుంది, గది విశాలమవుతుంది, గోడ కూడా దానికి తగినంత పెరుగుతుంది. బృహద్ధమని కవాటం గాని, ద్విపత్ర కవాటం గాని సరిగా మూసుకొనక రక్తం వెనుకకు కారుతున్నపుడు ఈ రకం కనిపిస్తుంది.

కుడి జఠరిక అతివృద్ధి: ఊపిరితిత్తుల ధమనులలో పీడనం పెరిగినపుడు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధులలో, పుపుస కవాటం ఇరుకైనపుడు, కొన్ని పుట్టుకతో వచ్చే గుండె జబ్బులలో కుడి జఠరిక మందమవుతుంది. భారతదేశంలో కీళ్ళవాత జ్వరం వలన కలిగే ద్విపత్ర కవాట సంకీర్ణత దీనికి చెప్పుకోదగిన కారణం. ఈ వ్యాధిలో ఇరుకైన కవాటానికి వెనుక రక్తం నిలిచిపోయి, ఎడమ కర్ణిక ద్వారా ఊపిరితిత్తులకు, అక్కడి నుండి కుడి జఠరికకు భారం చేరుతుంది. ఎడమ జఠరికపై మాత్రం అదనపు భారం పడదు. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలయిన వ్యాధి ఏళ్ళు గడచిన తరువాత గుండె కుడి భాగాన్ని మార్చివేయడం ఇక్కడ గమనించవచ్చు.

కణంలో జరిగే మార్పులు

కండర కణం తనపై పడే లాగుడును గ్రహించగలదు. కణాన్ని చుట్టుప్రక్కల పదార్థంతో బంధించే ఇంటెగ్రిన్లు, సార్కోమియర్ లోపల స్ప్రింగు వలె పనిచేసే టైటిన్ అనే పెద్ద ప్రోటీను ఈ పనిలో పాలు పంచుకుంటాయి. వీటితో పాటు యాంజియోటెన్సిన్-2, ఎండోథెలిన్, నోరెడ్రినలిన్ వంటి రసాయనాలు కూడా కణానికి పెరగమనే సంకేతాన్ని అందిస్తాయి. సంకేతం కేంద్రకానికి చేరిన తరువాత ప్రోటీన్ల ఉత్పత్తి పెరుగుతుంది, కొత్త సార్కోమియర్లు ఏర్పడతాయి.

అన్ని సంకేతాలూ ఒకే దారిలో ప్రయాణించవు. వ్యాయామం వలన కలిగే పెరుగుదలలో ఇన్సులిన్‌ను పోలిన వృద్ధి కారకం (ఐ.జి.ఎఫ్-1) నుండి మొదలయ్యే మార్గం ప్రధానమైనది. రక్తపోటు వంటి వ్యాధులలో కాల్షియం మీద ఆధారపడే కాల్సిన్యూరిన్ అనే ఎంజైము మార్గం చురుకుగా ఉంటుంది. ఈ ఎంజైము పాత్రను 1998లో ఎలుకలలో నిరూపించారు. మందం ఒకటే అయినా రెండు గుండెల భవిష్యత్తు వేరుగా ఉండడానికి ఈ మార్గాల భేదం ఒక కారణం.

వ్యాధి వలన కలిగే అతివృద్ధిలో మరికొన్ని మార్పులు కనిపిస్తాయి:

* పిండదశలో పనిచేసి తరువాత అణగి ఉన్న కొన్ని జన్యువులు మళ్ళీ చురుకుగా మారతాయి.
* కణం ఇంధనంగా కొవ్వు ఆమ్లాలను వాడడం తగ్గి, గ్లూకోజుపై ఆధారపడడం పెరుగుతుంది.
* కణాల మధ్య కొల్లాజెన్ పోగులు పేరుకొని గోడ బిరుసెక్కుతుంది. దీనిని తంతీకరణ అంటారు.
* కణం లావైనంతగా సూక్ష్మ రక్తనాళాలు పెరగవు. అందువలన కణం మధ్యభాగానికి ప్రాణవాయువు చేరవలసిన దూరం పెరుగుతుంది.

లాగుడుకు గురైన గుండె బి.ఎన్.పి. అనే హార్మోనును ఎక్కువగా స్రవిస్తుంది. ఇది మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటకు పంపించి భారాన్ని తగ్గించడానికి తోడ్పడుతుంది. రక్తంలో దీని పరిమాణాన్ని కొలవడం గుండె వైఫల్యాన్ని గుర్తించడానికి చేసే పరీక్షలలో ఒకటి.

శరీరధర్మ సంబంధమైన అతివృద్ధి

వ్యాయామం: స్వీడన్ వైద్యుడు సాలమన్ హెన్షెన్ 1899లో మంచుపై స్కీయింగ్ చేసే పోటీదారుల ఛాతీని వేళ్ళతో తట్టి, ఆ శబ్దాన్ని బట్టి వారి గుండెలు పెద్దవిగా ఉన్నాయని గుర్తించాడు. ఎక్స్-రే యంత్రాలు అప్పటికి కొత్తవి. దూరపు పరుగు, ఈత, సైకిలు తొక్కడం వంటి క్రీడలలో గుండె గంటల తరబడి ఎక్కువ రక్తాన్ని పంపవలసి ఉంటుంది కాబట్టి గది విశాలమవుతుంది, గోడ కొద్దిగా మందమవుతుంది. బరువులెత్తే క్రీడలలో రక్తపోటు కొద్ది క్షణాలపాటు 300 మి.మీ. దాటిన సందర్భాలు కూడా నమోదైనాయి. పడవ నడిపేవారిలో రెండు రకాల భారాలూ కలిసి ఉంటాయి.

క్రీడాకారుల గుండె ఎంతవరకు మందం కాగలదు అనే ప్రశ్నకు ఇటలీలో 947 మంది అగ్రశ్రేణి క్రీడాకారులపై జరిపి 1991లో ప్రచురించిన అధ్యయనం మార్గదర్శకమైనది. వారిలో 16 మందికి మాత్రమే గోడ మందం 13 మి.మీ. లేక అంతకు మించి ఉన్నది. ఎవరిలోను 16 మి.మీ. దాటలేదు. ఆ 16 మందిలో 15 మంది పడవ పోటీలలో పాల్గొనేవారు, ఒకరు సైకిలు పోటీదారు.

గర్భధారణ: గర్భిణీ శరీరంలో రక్త ద్రవం 40 నుండి 50 శాతం వరకు పెరుగుతుంది. ఎడమ జఠరిక దానికి తగినట్లుగా పెరిగి, ప్రసవం తరువాత కొన్ని నెలలలో పూర్వస్థితికి వస్తుంది.

జంతువులు: బర్మా కొండచిలువ పెద్ద ఆహారాన్ని మింగిన 48 గంటలలో దాని జఠరిక బరువు సుమారు 40 శాతం పెరుగుతుందని 2005లో కనుగొన్నారు. ఆహారం జీర్ణమైన తరువాత గుండె మళ్ళీ చిన్నదవుతుంది. జిరాఫీ తన పొడవైన మెడ చివరనున్న మెదడుకు రక్తాన్ని పంపడానికి మనుషులకు రెట్టింపు రక్తపోటుతో జీవిస్తుంది. దాని ఎడమ జఠరిక గోడ చాలా మందం, లోపలి గది ఇరుకు. అయినా జిరాఫీకి ఇది వ్యాధి కాదు.

ఈ సందర్భాలలో తంతీకరణ కనిపించదు. వ్యాయామంలోను, గర్భధారణలోను రక్తనాళాలు కండరంతో పాటు పెరుగుతాయి, భారం తొలగగానే కండరం తగ్గుతుంది. క్రీడాకారునికి ప్రతిరోజూ కొన్ని గంటల శ్రమ తరువాత విశ్రాంతి లభిస్తుంది. రక్తపోటు రోగి గుండెకు నిద్రలో కూడా అటువంటి విశ్రాంతి సరిగా దొరకదు. రోజుకు సుమారు లక్ష సార్లు స్పందించే గుండెకు ఈ తేడా చిన్నది కాదు.

వ్యాధి సంబంధమైన అతివృద్ధి - దశలు

విలియం ఆస్లర్ 1892లో ప్రచురించిన వైద్య గ్రంథంలో గుండె అతివృద్ధిని మూడు దశలుగా వివరించాడు. సోవియట్ శాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ మేయర్సన్ 20వ శతాబ్దంలో జంతువులపై చేసిన ప్రయోగాల ద్వారా ఇటువంటి విభజననే చేశాడు.

# మొదటి దశ: భారం కండరం శక్తిని మించి ఉంటుంది. కండరం పెరగడం మొదలవుతుంది.
# రెండవ దశ: పెరిగిన కండరం భారానికి సరితూగుతుంది. రోగికి ఏ బాధా తెలియదు. ఈ దశ అనేక సంవత్సరాలు ఉండవచ్చు.
# మూడవ దశ: కణాలు నశించి, తంతీకరణ పెరిగి, గుండె అలసిపోతుంది.

రెండవ దశలో రోగికి బాధ లేకపోవడమే ఈ వ్యాధిలోని ప్రమాదం. బిరుసెక్కిన గోడ సంకోచించగలదు కాని సులభంగా సడలలేదు. అందువలన జఠరిక నిండడానికి ఎక్కువ పీడనం కావలసి వస్తుంది, ఆ పీడనం ఊపిరితిత్తులకు చేరి మెట్లెక్కినపుడు ఆయాసం కలుగుతుంది. గుండె బయటకు పంపే రక్తం శాతం సాధారణంగా ఉన్నప్పటికీ గుండె వైఫల్యం ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. ఇటువంటి గుండె నిండడానికి కర్ణిక సంకోచం చాలా అవసరం. కర్ణిక లయ తప్పి వణకడం మొదలుపెడితే అంతవరకు బాగున్న రోగి హఠాత్తుగా ఆయాసానికి లోనుకావచ్చు.

ఎడమ జఠరిక గోడకు రక్తం ఎక్కువగా గుండె సడలినపుడు చేరుతుంది. గోడ మందమైనపుడు లోపలి పొరలకు రక్తం చాలదు. హృదయ ధమనులలో పూడికలు లేకపోయినా ఛాతీనొప్పి రావచ్చు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన దీర్ఘకాల అధ్యయనం నుండి 1990లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఎడమ జఠరిక బరువు ఎక్కువగా ఉన్నవారిలో గుండె జబ్బులు, మరణాలు ఎక్కువ. రక్తపోటు మొదలైన ఇతర కారణాలను లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడా ఈ తేడా నిలిచింది.

జన్యు కారణాలు

భారం ఏదీ లేకుండానే గోడ మందం కావడాన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అంటారు. లండన్ వైద్యుడు డోనాల్డ్ టేర్ 1958లో దీనిని వివరించాడు. ఇది సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. సార్కోమియర్ ప్రోటీన్ల జన్యువులలోని లోపాలు దీనికి ముఖ్య కారణం. వాటిలో మొదటిదాన్ని 1990లో బీటా మయోసిన్ జన్యువులో కనుగొన్నారు. తల్లిదండ్రులలో ఒకరికి లోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం 50 శాతం.

ఈ వ్యాధిలో తరచుగా రెండు జఠరికల మధ్య గోడ ఎక్కువగా మందమవుతుంది, కండర పోగులు క్రమం తప్పి అల్లుకొని ఉంటాయి. కొందరిలో మందమైన గోడ రక్తం బయటకు పోయే దారిని అడ్డుతుంది. చాలామంది సాధారణ జీవితాన్ని గడుపుతారు. కొద్దిమందిలో మాత్రం హఠాన్మరణమే మొదటి లక్షణం కావచ్చు. కామెరూన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు మార్క్ వివియన్ ఫోయే 2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఆట మధ్యలో కుప్పకూలి మరణించగా, శవపరీక్షలో ఈ వ్యాధి బయటపడింది.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రజ్ఞులు పాల్గొన్న ఒక పరిశోధన 2009లో వెలువడింది. మయోసిన్‌ను బంధించే ప్రోటీను-సి జన్యువులో 25 డి.ఎన్.ఎ. అక్షరాలు లోపించడం దక్షిణాసియా ప్రజలలో సుమారు 4 శాతం మందిలో ఉన్నదని, వారికి గుండె వైఫల్యం వచ్చే అవకాశం ఎక్కువని ఇందులో తేలింది. ఈ లోపం ఉన్న అందరికీ వ్యాధి రాదు. దీనితో కలిసి వచ్చే మరికొన్ని మార్పులు అదే జన్యువులో ఉన్నపుడు ముప్పు ఎక్కువని తరువాతి పరిశోధనలు సూచించాయి.

గుర్తించే విధానం

* ఇ.సి.జి.: మందమైన కండరం పెద్ద విద్యుత్ తరంగాలను ఇస్తుంది. 1949లో సొకొలోవ్, లయాన్ ప్రతిపాదించిన కొలత ప్రకారం, వి1లోని ఎస్ తరంగం, వి5 లేక వి6లోని ఆర్ తరంగం కలిపి 35 మి.మీ. లేక అంతకు మించితే ఎడమ జఠరిక అతివృద్ధిని అనుమానిస్తారు. అయితే ఇ.సి.జి. సాధారణంగా ఉన్నంత మాత్రాన అతివృద్ధి లేదని చెప్పలేము.
* ఎకోకార్డియోగ్రఫీ: శ్రవణాతీత ధ్వని తరంగాలతో గోడ మందాన్ని, గది పరిమాణాన్ని కొలుస్తారు. శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు ఎడమ జఠరిక బరువు పురుషులలో 115 గ్రాములు, స్త్రీలలో 95 గ్రాములు మించితే అతివృద్ధిగా పరిగణిస్తారు.
* ఎం.ఆర్.ఐ.: కండరం బరువును మరింత కచ్చితంగా కొలవడమే కాక తంతీకరణను కూడా చూపుతుంది.

క్రీడాకారుని గుండెకు, జన్యు వ్యాధికి మధ్య తేడాను గుర్తించడం వైద్యులకు కఠినమైన పని. పొరబడితే ఆరోగ్యవంతుడు ఆటకు దూరమవుతాడు, లేదా వ్యాధిగ్రస్తుడు ప్రాణాపాయంలో పడతాడు. గోడ మందం 13 నుండి 15 మి.మీ. మధ్య ఉన్నపుడు గది పరిమాణం (క్రీడాకారులలో విశాలంగా, వ్యాధిలో ఇరుకుగా ఉంటుంది), సడలే శక్తి, ఇ.సి.జి., కుటుంబ చరిత్ర, జన్యు పరీక్ష వంటివి పరిశీలిస్తారు. కొన్నిసార్లు మూడు నెలలపాటు సాధన ఆపించి మళ్ళీ కొలుస్తారు. క్రీడాకారుని గోడ మందం తగ్గుతుంది, వ్యాధి ఉన్నవారిలో తగ్గదు.

తగ్గుదల, చికిత్స

భారం తగ్గితే హృదయ కండరం కూడా తగ్గుతుంది. ఆరు వారాలు మంచంపై పడుకొని ఉన్న ఆరోగ్యవంతులలో ఎడమ జఠరిక బరువు సుమారు 8 శాతం తగ్గినట్లు 2001లో ప్రచురితమైన అధ్యయనంలో తేలింది. 2015-16లో అంతరిక్ష కేంద్రంలో 340 రోజులు గడిపిన వ్యోమగామి స్కాట్ కెల్లీ, క్రమం తప్పక వ్యాయామం చేసినప్పటికీ, ఆయన ఎడమ జఠరిక బరువు తగ్గింది. చికిత్సకు ఆధారం ఈ గుణమే.

అధిక రక్తపోటును అదుపులో ఉంచడం, ఉప్పు తగ్గించడం, అధిక బరువు తగ్గించుకొనడం ముఖ్యమైనవి. మందులలో యాంజియోటెన్సిన్ మార్గాన్ని అడ్డుకొనేవి అతివృద్ధిని తగ్గించడంలో మేలైనవి. ఇ.సి.జి.లో అతివృద్ధి ఉన్న 9,193 మంది రక్తపోటు రోగులపై జరిపి 2002లో ప్రచురించిన లైఫ్ అధ్యయనంలో, రక్తపోటు ఇంచుమించు సమానంగా తగ్గినా, అటెనొలాల్ వాడినవారి కంటే లొసార్టాన్ వాడినవారిలో అతివృద్ధి ఎక్కువగా తగ్గింది, పక్షవాతం తక్కువగా వచ్చింది.

కవాటం ఇరుకైనపుడు మందులు చాలవు. కవాటాన్ని మార్చవలసి ఉంటుంది. ఫ్రాన్సు వైద్యుడు అలాన్ క్రిబియే 2002లో ఛాతీ తెరవకుండా రక్తనాళం ద్వారా బృహద్ధమని కవాటాన్ని మొదటిసారిగా అమర్చాడు. కవాటం మార్చిన తరువాత గోడ మందం నెలలలో తగ్గుతుంది. పేరుకొన్న తంతువులు మాత్రం పూర్తిగా పోవు. అందువలన చికిత్స ఆలస్యమైన కొలదీ ఫలితం తగ్గుతుంది.

జన్యు వ్యాధిలో బీటా బ్లాకర్లు, అడ్డుగా ఉన్న కండరాన్ని శస్త్రచికిత్సతో తొలగించడం లేదా ఆల్కహాలుతో క్షీణింపజేయడం, హఠాన్మరణం ముప్పు ఉన్నవారికి లయను సరిచేసే యంత్రాన్ని అమర్చడం వంటి పద్ధతులున్నాయి. మయోసిన్ వేగాన్ని తగ్గించే మావాకాంటెన్ అనే మందుకు 2022లో అమెరికాలో అనుమతి లభించింది. రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకొనడం అవసరం.

చరిత్ర

నెపోలియన్ వైద్యుడైన జీన్ నికొలస్ కార్విజార్ 1806లో గుండె పెరుగుదలను గోడ మందమయ్యే రకం, గోడ పలుచనయ్యే రకం అని విభజించాడు. ఆ తరువాత ఫ్రాన్సుకే చెందిన బెర్టిన్ ఏకకేంద్ర, ఉత్కేంద్ర అనే భేదాలను ప్రవేశపెట్టాడు. లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1836లో మూత్రపిండాల వ్యాధితో మరణించిన వందమంది వివరాలను పట్టికగా ప్రకటించి, వారిలో అనేకుల గుండెలు మందమై ఉండడాన్ని, పలువురిలో దానికి కవాటాల దోషం కనిపించకపోవడాన్ని గమనించాడు. రక్తపోటును కొలిచే సాధనం అప్పటికి వైద్యుల చేతికి రాలేదు. ఆ పరికరం వచ్చిన తరువాతనే మూత్రపిండానికి, గుండెకు మధ్యనున్న లంకె రక్తపోటు అని స్పష్టమయింది.

1970ల నుండి ఎకోకార్డియోగ్రఫీ వాడుకలోకి రావడంతో, అంతవరకు శవపరీక్షలో మాత్రమే కచ్చితంగా తెలిసే గోడ మందాన్ని జీవించి ఉన్నవారిలో కొలవడం సాధ్యమయింది. బాధ లేని రెండవ దశలోనే అతివృద్ధిని కనుగొని, భారం తగ్గించి, గుండెను మూడవ దశకు చేరకుండా కాపాడే అవకాశం దీనితో కలిగింది.

ఇవి కూడా చూడండి

* గుండె
* రక్తపోటు
* గుండె వైఫల్యం
* కీళ్ళవాత జ్వరం
* ఎలక్ట్రోకార్డియోగ్రామ్
* బృహద్ధమని